పదునును నిలిపిన గుడ్డపట్టీ

మన గ్రంథాలయము ఇరువదియైదు వసంతములు పూర్తిచేసికొన్న ఈ శుభసమయమున వెలువడుచున్న సంచికలో గ్రామచరిత్రను, దేవాలయచరిత్రను, మహనీయుల జీవితములను గూర్చి వ్రాయుటకు నాకంటె సమర్థులు పలువురు కలరు. కావున నేను ఎవ్వరును అంతగా పట్టించుకొనని ఒక చిన్న వస్తువు చరిత్రను ఎన్నుకొంటిని. అది మూరెడుకు పైబడిన పొడవును, రెండు మూడు అంగుళముల వెడల్పును గల గుడ్డపట్టీ. క్షౌరపు కత్తిని దానిపై ఇటునటు లాగి వాదరను నిలుపుకొనెడివారు. ఆంగ్లేయులు ఇట్టి పట్టీని, అది తోలుదైనను గుడ్డదైనను, స్ట్రాప్ అనిరి. మనవారు పట్టీ యనియు, బెల్టు అనియు వ్యవహరించిరి.

నా చిన్నతనమున ఆదివారము ఉదయము మా ఇంటి అరుగుపై ఒక వృద్ధ నాయీబ్రాహ్మణుడు పొది విప్పి కూర్చుండెడివాడు. పెద్దలు వరుసగా వచ్చి ఆయన యెదుట కూర్చుండెడివారు. సానరాయిని ఆయన ఎప్పుడో గాని బయటకు తీయడు. గుడ్డపట్టీని మాత్రము ప్రతి గడ్డమునకు ముందును స్తంభమున కట్టి బిగించి, కత్తిని దానిపై లాగెడివాడు. పిమ్మట అరచేతిపై రెండుమార్లు త్రిప్పి పని మొదలిడెడివాడు. ఒకనాడు నేను, "రాతిమీద నూరిన కత్తిని మళ్ళీ గుడ్డతో తుడవడం ఎందుకు తాతా?" అని అడిగితిని. ఆయన నవ్వి, "రాయి పదును పెడుతుంది బాబూ, గుడ్డ ఆ పదునును నిలబెడుతుంది" అనెను. ఆ చిన్న మాటలో ఎంత విద్య యిమిడియున్నదో తెలిసికొనుటకు నాకు చాలా ఏండ్లు పట్టినది. తెలిసినంతవరకు ఇచట విన్నవించుచున్నాను.

క్షౌరపు కత్తి మానవుని ప్రాచీన సాధనములలో నొకటి. ఈజిప్టు సమాధులలో కంచు కత్తులు దొరికినవి. సింధులోయలోని హరప్పా, మొహెంజొదారో త్రవ్వకములలో రాగికత్తులు లభించినవి. మన ఋగ్వేదమున క్షురము పేరు వినవచ్చును. కఠోపనిషత్తు ఆత్మజ్ఞానమార్గము యొక్క దుర్గమత్వమును చెప్పుటకు కత్తివాదరనే పోలికగా గైకొన్నది. అనగా ఆనాటికే వాదర యెంత సన్ననిదో, ఎంత ప్రమాదకరమైనదో జనులకు చక్కగా తెలియునన్నమాట. అయితే రాగి, కంచు మెత్తని లోహములు. వాని పదును త్వరగా మాసిపోవును. నిలుకడగల వాదర ఉక్కు వచ్చినపిమ్మటనే సాధ్యమైనది.

ఉక్కు మాట వచ్చినపుడు మన తెలుగునేలను తలపక తప్పదు. ప్రపంచమున వూట్జ్ అని పేరొందిన ఉక్కు దక్షిణభారతమున మూసలలో కరగించి చేసినదే. ఆ పేరు సయితము మన ఉక్కు శబ్దమునుండియే పుట్టినదని పండితులు చెప్పుదురు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఈ ఉక్కునకు ప్రసిద్ధికెక్కిన గ్రామము. పారశీక వర్తకులు అచ్చటికి వచ్చి ఉక్కుముద్దలను కొనిపోయెడివారు. భూమి కొలతల శాఖలో వైద్యుడును, శిలాశాస్త్రజ్ఞుడును అయిన వాయిసీ అను ఆంగ్లేయుడు ఆ పనిని స్వయముగా చూచి వ్రాసిన వర్ణనము, అతని మరణానంతరము 1832లో ప్రచురితమైనది.

మన ఉక్కుముద్దలు ఇంగ్లండునకును చేరెను. 1795లో జార్జి పియర్సన్ అను వైద్యుడు వానిని పరీక్షించి లండనులోని రాయల్ సొసైటీకి ఒక వ్యాసము సమర్పించెను. జేమ్సు స్టోడార్టు అను లండను కత్తులపనివాడు ఆ ఉక్కును మెచ్చి దానితో సున్నితమైన పనిముట్లను చేసెను. పిమ్మట అతడు మైకేలు ఫారడేతో కలిసి, 1820 ప్రాంతమున, ఉక్కునకు ఇతరలోహములను చేర్చి ప్రయోగములు సాగించెను. ఫారడే అంతకుముందే 1819లో వూట్జ్ ఉక్కును విశ్లేషించియుండెను. తమ ప్రయోగపు ఉక్కుతో చేయించిన క్షౌరపు కత్తులను ఆయన మిత్రులకు కానుకగా ఇచ్చెను. విద్యుచ్ఛాస్త్రమున జగద్విఖ్యాతుడైన ఈ ఫారడే ఒక కమ్మరి కుమారుడు. బాల్యమున పుస్తకములు కుట్టువాని వద్ద పనినేర్చుకొనుచు, కుట్టుటకు వచ్చిన పుస్తకములను చదివి విద్వాంసుడైనవాడు. గ్రంథాలయసంచికలో ఆయన పేరు వచ్చుట సముచితమే.

ఇంగ్లండునందు క్షౌరపు కత్తులకు పుట్టినిల్లు షెఫీల్డు నగరము. గడియారములు చేయు బెంజమిన్ హంట్స్‌మన్ తన పనికి తగిన మంచి ఉక్కు దొరకక, 1740 తరువాతి సంవత్సరములలో ఆ నగరసమీపమున మూసలలో ఉక్కును కరగించి పోతపోయు పద్ధతిని సాధించెను. ఆ ఉక్కు అంతటను ఏకరీతిగా నుండుటచే కత్తులకు మిక్కిలి అనుకూలించెను. జర్మనీలోని జోలింగెన్ నగరము కూడ కత్తులపనికి పేరుగాంచినది. పందొమ్మిదవ శతాబ్దమున కత్తి చెంపలను లోతుగా గుల్లచేసి నూరు పనితనము వృద్ధిపొందెను. వెన్ను దళసరిగా నుండి, అంచువైపు రేకువలె పలుచనైన కత్తులు వచ్చినవి. వాదర యెంత పలుచనో గడ్డము అంత సుఖముగా తెగును. కాని అంతే సులభముగా వాదర వంగును, మాయును. ఉక్కు మేలైనకొలది దానిని కాపాడుకొను విద్య యొక్క అవసరము పెరిగినది. ఆ విద్యకు సాధనము పట్టీ.

పట్టీని గూర్చి పుస్తకరూపమున శ్రద్ధగా వ్రాసినవారిలో పారిసు నగరపు కత్తులపనివాడగు ఝాన్ ఝాక్ పెరే స్మరణీయుడు. అతడు 1769లో, తన గడ్డమును తానే గీసికొను విద్యను బోధించుచు ఒక గ్రంథమును ప్రకటించెను. అందు సానరాళ్ళను గుర్తించు విధము, కత్తిని లాగు తోళ్ళను సిద్ధపరచు విధము చేర్చెను. పనివాడు తన వృత్తిరహస్యమును దాచుకొనక అచ్చువేసి లోకమునకిచ్చుట ఆ కాలమున గొప్ప విషయము. తరువాత పాతిక సంవత్సరములకు లండనులో జార్జి ప్యాక్‌వుడ్ అను వ్యాపారి పట్టీలను, వానికి పూయు లేపమును అమ్మి పేరు గడించెను. అతని సరకుకంటె అతని ప్రకటనలే ఎక్కువ ప్రసిద్ధి పొందినవి. పత్రికలలో పద్యములు, హాస్యసంభాషణలు వేయించి, వానినన్నిటిని 1796లో పుస్తకముగా కూడ అచ్చొత్తించెను.

వీరి కాలమున ముఖ్యముగా వాడినది తోలు. గుడ్డ దానికి తోడుగా వచ్చి, క్రమముగా విడదీయరాని భాగమైనది. పాశ్చాత్యదేశపు క్షౌరశాలలలో గోడకు వ్రేలాడు పట్టీ జంటపట్టీ. ఒకటి తోలుది, మరియొకటి గుడ్డది. రెండును ఒకే కొక్కెమునకు తగిలించియుండును. గుడ్డ సాధారణముగా అవిసెనారతో నేసినది, దానినే లినెన్ అందురు. గంజాయిజాతి మొక్క నారతోను, దళసరి నూలుతోను నేసినవియు ఉండెను. అగ్నిమాపకదళమువారు నీరు చిమ్ముటకు వాడు నార గొట్టముల నేతయు ఈ పనికి వచ్చినది. నీటి యొత్తిడికి తాళునట్లు నేసిన ఆ గుడ్డ మిక్కిలి బిగువు, మిక్కిలి చదును. పట్టీకి కావలసిన గుణములు సరిగా అవియే.

ఇక గుడ్డ చేయు పని యేమి? సానరాయి కత్తినుండి లోహమును అరగదీసి వాదరను కల్పించును. కల్పించునపుడు కంటికి కనబడని గీతలను, అంచున సన్నని లోహపు నూగును విడిచిపెట్టును. గడ్డము గీయునపుడు వాదర అక్కడక్కడ ఒరుగును. సబ్బునురుగు, తడి, వెండ్రుకల తునుకలు అంటుకొని, ఒక్క రాత్రిలోనే సన్నని త్రుప్పు పట్టుట కలదు. గుడ్డనేతలో పడుగుపేకలు కలిసిన ప్రతిచోటను చిన్న గట్టు ఏర్పడును. కత్తి దానిమీద జారునపుడు ఆ గట్లు వరుసగా వాదరను తుడిచి, తడిని పీల్చి, నూగును తొలగించి, ఒరిగిన అంచును సరిదిద్దును. తోలు అంతకంటె నునుపైనది కావున తుదిమెరుగును దిద్దును. అందుచేతనే ముందు గుడ్డ, తరువాత తోలు అను క్రమము ఏర్పడినది.

గుడ్డకు శక్తి చాలనపుడు లేపము పూయుదురు. ఇనుప భస్మముతో చేసిన ఎఱ్ఱని లేపము, క్రోమియపు భస్మముతో చేసిన పచ్చని లేపము ప్రసిద్ధములు. లేపము పూసిన గుడ్డ కేవలము తుడుచునది కాదు, స్వల్పముగా లోహమును అరగదీయును. అది రాయికిని గుడ్డకును నడుమనుండు సాధనము. కావున లేపము పూసిన పట్టీని వేరుగా నుంచవలెను. నిత్యము వాడు శుభ్రమైన పట్టీకి దానిని తగులనీయరాదు. లేపపు పట్టీని అవసరమైనపుడే వాడవలెను గాని ప్రతిదినము వాడినచో వాదర గుండ్రమగును.

పట్టీ చేయగలపని యేదో, చేయలేనిపని యేదో తెలియుటయు ముఖ్యము. 2020లో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు క్షౌరపు బ్లేడును సూక్ష్మదర్శినితో పరీక్షించి 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసము ప్రకటించిరి. ఉక్కుకంటె ఏబది రెట్లు మెత్తనిదైన వెండ్రుక ఉక్కువాదరను ఎట్లు పాడుచేయుచున్నదన్నదే వారి ప్రశ్న. వాదర మెల్లగా అరుగుటయే గాక, ఉక్కు నిర్మాణము ఏకరీతిగా లేనిచోట వెండ్రుక వంగిన కోణమున తగిలినపుడు చిన్న తునకలు రాలుచున్నవని వారు కనుగొనిరి. ఒరిగిన వాదరను గుడ్డ సరిదిద్దగలదు. తునక రాలినచోటును మాత్రము పూడ్చలేదు. అప్పుడు సానరాతి వద్దకు పోవలసినదే. మా ఊరి వృద్ధుడు సూక్ష్మదర్శినిని చూచి యెరుగడు. అయినను ఏ కత్తి పట్టీకి లొంగునో, ఏ కత్తికి రాయి కావలెనో బొటనవ్రేలి కొనతో మెల్లగా తాకి చెప్పగలిగెడివాడు.

ఈ విద్య లుప్తము కాకుండుటకై గుడ్డను ఎన్నుకొను విధమును, వాడు విధమును కొంచెము వివరముగా వ్రాయుచున్నాను. గుడ్డ బిగువుగా నేసినదై యుండవలెను. దారములు ఒకే లావున నుండవలెను. ముడులు, ఉండలు ఉన్న గుడ్డ పనికిరాదు, ప్రతి ముడియు వాదరకు దెబ్బయే. లాగినపుడు సాగరాదు. సాగు గుడ్డ నడుమ క్రుంగును, క్రుంగినచో వాదర గుండ్రమగును. అంచులు మగ్గముమీదనే ముగిసినవైనచో మేలు. మడిచి కుట్టిన అంచు ఎత్తుగా నుండి కత్తిని అడ్డగించును. అవిసెనార గుడ్డ శ్రేష్ఠమనిరి. అది లేనిచోట దళసరి నూలునేత చాలును. మన ఇండ్లలో మంచములకు అల్లెడి నూలు నవారు వెడల్పునందును, బిగువునందును, అంచులయందును ఈ లక్షణములు కలిగినదే.

క్రొత్తగుడ్డను అట్లే వాడరాదు. అందు గంజియు, మగ్గపుధూళియు ఉండును. ముందు చక్కగా ఉతికి గంజి పోగొట్టవలెను. పిమ్మట తడిగా నున్నపుడే సబ్బునురుగును గట్టిగా రుద్ది, బిగించి నీడలో ఆరవేయవలెను. ఆరినపిదప నున్నని సీసాను పలుమార్లు దొర్లించి చదునుచేయవలెను. వాడనపుడు చుట్టచుట్టక వ్రేలాడదీసి, దుమ్ము పడకుండ కప్పియుంచవలెను. ఒక్క ఇసుకరేణువు గుడ్డలో చిక్కినచో, గంటసేపు రాతిపై చేసిన పని ఒక్క లాగుతో వ్యర్థమగును.

వాడునపుడు పట్టీ యొక కొనను కొక్కెమునకు తగిలించి, రెండవ కొనను ఎడమచేత బిగించి పట్టవలెను. కత్తిని పూర్తిగా పడుకొనబెట్టవలెను. వెన్నును, వాదరయు రెండును గుడ్డను తాకియుండవలెను. వెన్ను ముందు నడువవలెను, వాదర వెనుక రావలెను. ఇది తారుమారైనచో పట్టీ తెగును, వాదర చెడును. కొనకు చేరినపిమ్మట కత్తిని వెన్నుమీదనే త్రిప్పవలెను గాని వాదరమీద ఎన్నడును త్రిప్పరాదు. పట్టీ కత్తికంటె వెడల్పు తక్కువైనచో, మడమనుండి కొనవరకు అంతయు తాకునట్లు ఏటవాలుగా లాగవలెను. చేతిబరువు తప్ప వేరు ఒత్తిడి కూడదు. గుడ్డపై ఇరువది ముప్పది మార్లు, తోలుపై నలువది ఏబది మార్లు లాగుట వాడుక. నేర్చువారు వేగమునకు ఆశపడరాదు. వేగము తనంతట వచ్చును. పని ముగిసినతరువాత కత్తిని కడిగి, తుడిచి, గుడ్డపై నాలుగుమార్లు మెల్లగా లాగి తడి లేకుండ దాచినచో త్రుప్పు దరిచేరదు.

ఇంతటి శ్రద్ధతో నడచిన పని ఎట్లు అంతరించెను? అమెరికాలో కింగ్ క్యాంప్ జిల్లెట్ అను నతడు, నూరనక్కరలేని పలుచని బ్లేడును ఆలోచించి, 1904లో దానికి పేటెంటు హక్కును పొందెను. మొదటి సంవత్సరమగు 1903లో అమ్ముడుపోయినవి 51 సాధనములు, 168 బ్లేడులు మాత్రమే. కాని మొదటి ప్రపంచయుద్ధకాలమున అమెరికా ప్రభుత్వము తన సైనికులకు సుమారు 35 లక్షల జిల్లెట్ సాధనములను పంచిపెట్టెను. సైనికులు ఇండ్లకు మరలినపుడు ఆ యలవాటును వెంట గొనివచ్చిరి. అయినను పట్టీ ఒక్కమారు ఓడిపోలేదు. బ్లేడును పారవేయుట దుబారా యని తలచినవారికై, బ్లేడును లోపలనే యుంచి పట్టీపై లాగుటకు వీలైన ఆటోస్ట్రాప్ అను సాధనము వచ్చి కొంతకాలము పోటీ చేసెను. 1930లో ఆ సంస్థయు జిల్లెట్ సంస్థయు కలిసిపోయినవి. ఇంటింట పట్టీ మూలపడెను.

క్షౌరశాలలలో పట్టీ మరికొంతకాలము నిలిచినది. దానిని అచ్చటినుండి తొలగించినది ఆరోగ్యదృష్టి. ఒకే కత్తియు, ఒకే పట్టీయు పలువురకు వాడినచో, కంటికి కనబడని నెత్తుటిచుక్కద్వారా కామెర్లను కలిగించు హెపటైటిస్ బి వంటి వ్యాధులు ఒకరినుండి ఒకరికి అంటగలవు. గుడ్డను వేడినీట ఉతికినంతమాత్రమున ఈ భయము తీరదు. మనదేశమున 1986లో హెచ్.ఐ.వి. జాడ కనుగొనబడినపిమ్మట జనులలో మెలకువ పెరిగి, మనిషికొక క్రొత్త బ్లేడు అను నియమము వ్యాపించెను. ఇది మంచి మార్పు. పాతవస్తువుమీది మమకారముతో దీనిని తప్పుపట్టరాదు. పట్టీని వాడదలచినవారు తమ సొంతకత్తికి, తమ సొంతగడ్డమునకు మాత్రమే వాడుకొనవలెను. ఒక యింటివారైనను ఒకరి పట్టీ మరియొకరు ముట్టరాదు.

వస్తువు పోవుట చింతింపదగినది కాదు. అవసరము తీరినపిదప వస్తువులు పోవును. వస్తువుతోపాటు దానిని వాడిన చేతులలోని జ్ఞానము పోవుట మాత్రము నష్టము. కోనసముద్రపు ఉక్కు కథయే ఇందుకు సాక్ష్యము. ఆ ఉక్కును చేసిన మన కమ్మరులు తమ విద్యను తండ్రినుండి కొడుకునకు చేతిద్వారా అందించిరి. గిరాకి తగ్గి కొలుములు చల్లారినపుడు విద్యయు వానితో చల్లారెను. తరువాతి శాస్త్రజ్ఞులు, ఆ ఉక్కు ఎట్లు చేసిరో తెలిసికొనుటకు దొరికిన ముద్దలను, కిట్టమును పరీక్షించుచు, వాయిసీ వంటి పరదేశీయుల వ్రాతలను వెదకవలసివచ్చినది. పారిసులోని పెరే తనపనిని తానే వ్రాసికొనెను. రెండువందల ఏబది యేండ్లు దాటినను అతని విద్య గ్రంథములో నిలిచియున్నది. ఈ రెంటికిని గల భేదము ప్రతిభలో లేదు, కాగితములో నున్నది.

మా అరుగుపై కూర్చుండిన వృద్ధుడు గతించి చాలకాలమైనది. ఆయన మనుమలు వేరువేరు పనులలో కుదురుకొనిరి. ఆయన పట్టీ ఏమైనదో ఎవ్వరును ఎరుగరు. ఆయన చెప్పిన ఒక్క వాక్యము మాత్రము నావద్ద మిగిలినది. దానిని ఈ సంచికలో చేర్చి నా ఋణమును కొంత తీర్చుకొంటిని.

గ్రంథాలయ కార్యవర్గమునకు ఒక విన్నపము. మన పఠనమందిరమున ఒక దళసరి తెల్లకాగితముల పుస్తకమును ఉంచుడు. మగ్గము నేసినవారు, కుండలు చేసినవారు, నాగలి చెక్కినవారు, డోలు సన్నాయి పలికించినవారు మన గ్రామమున ఇంకను కొందరు కలరు. వ్రాయనేర్చిన యువకులు వారానికొకమారు ఒక్కొక్కరి యెదుట కూర్చుండి, వారి పనిని వారిమాటలలోనే అందు వ్రాయవలెను. ఏ గుడ్డ ఎందులకు పనికివచ్చును, ఏ చెక్క ఎప్పుడు కోయవలెను అను చిన్నసంగతులనే ముందుగా వ్రాయవలెను, ఏలయన ముందుగా మరచిపోవునవి అవియే. స్వర్ణోత్సవమునాటికి ఆ పుస్తకము నిండియున్నచో, మన గ్రంథాలయము కొన్న పుస్తకములన్నిటికంటెను అదియే విలువైనది కాగలదు.